ఫ్యాక్టరీలో బిగించిన ఇంజనేనా? క్లాసిక్ కారు కొనేముందు తేల్చుకునే పద్ధతి

క్లాసిక్ కార్ల అమ్మకపు ప్రకటనల్లో ‘మ్యాచింగ్ నంబర్స్’ (ఇంజన్ నంబరు కారుతో కలుస్తోందని) అన్నంత తేలిగ్గా వాడేసే మాట ఇంకొకటి ఉండదు. దానికి ఎవరి వీలును బట్టి వాళ్లు అర్థం చెప్పుకుంటారు. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న ఇంజన్ నంబరు, బ్లాక్ (ఇంజన్ ప్రధాన లోహపు దిమ్మె) మీద ఉన్న నంబరు ఒకటే కాబట్టి అంతా సరిపోయిందని కొందరు వాదిస్తారు. ఎప్పుడో ఒక పాత ఓనరు ఇంజన్ మార్చి, ఆ నంబరునే కాగితంలో ఎక్కించుకుని ఉంటే? కాగితమూ బ్లాకూ ఇప్పటికీ చక్కగా కలుస్తాయి. ఇంజన్ మాత్రం ఆ కారుది కాదు.

అందుకే మొదట మనం దేనికోసం వెతుకుతున్నామో స్పష్టంగా అనుకోవాలి. కారు తయారైన రోజు ఫ్యాక్టరీలో అందులో బిగించిన ఇంజనే అసలు ఇంజన్. అదే రకం, అదే కాలానికి చెందినదై ఉండి, వేరే కారులోంచి తెచ్చి పెట్టినదాన్ని ‘సరైన రకం’ అనొచ్చు కానీ అసలుది అనకూడదు. కంపెనీయే వారంటీ కింద ఇచ్చిన బదులు బ్లాక్ మరో కోవ. ఇక వేరే ఇంజన్ మీది నంబరు అరగదీసి, ఈ కారు నంబరు కొట్టించినది ఉంటుంది చూశారూ, మన జాగ్రత్తంతా దాని కోసమే.

ఒక ఇంజన్ మీద ఉండే గుర్తులన్నీ ఒకే రోజు, ఒకే చోట పడినవి కావు. బ్లాక్‌ను పోతపోసిన ఫౌండ్రీలో కొన్ని పడతాయి. ఇంజన్ బిగించిన ప్లాంటులో మరికొన్ని పడతాయి. కారులోకి దించేటప్పుడు ఇంకొకటి పడవచ్చు. కాగితాలు వీటన్నిటికీ వేరుగా పుడతాయి. ఒక గుర్తును దొంగగా సృష్టించడం కష్టం కాదు. వేర్వేరు చేతుల మీదుగా, వేర్వేరు రోజుల్లో పడిన నాలుగు గుర్తులు ఒకదానితో ఒకటి పొసిగేలా చేయడమే కష్టం. కాబట్టి ఏ ఒక్క నంబరునూ నమ్మకుండా, అవన్నీ ఒకే కథ చెబుతున్నాయా లేదా అని చూడాలి.

1. కారు దగ్గరికి వెళ్లకముందే చేయాల్సిన పని

ముందు ఛాసిస్ నంబరు అడిగి తీసుకోండి. విన్ అని పిలిచేదీ ఇదే. ఇప్పుడు మనకు అలవాటైన 17 అక్షరాల పద్ధతి 1981 మోడల్ నుంచి వచ్చింది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఆ లెక్క తెలిస్తే, ఆ కారులో ఏ ఇంజన్ ఉండాలో కొంతవరకు ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు.

ఉదాహరణకు 1965 ఫోర్డ్ మస్టాంగ్ నంబరు 5ఎఫ్09కె అని మొదలైతే, 5 అంటే 1965, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ప్లాంటు, 09 అంటే ఫాస్ట్‌బ్యాక్ బాడీ, కె అంటే 289 హై పెర్ఫార్మెన్స్ ఇంజన్ (289 లాంటి అంకెలు ఇంజన్ సైజును క్యూబిక్ ఇంచుల్లో చెబుతాయి). అంటే ఐదో అక్షరమే ఇంజన్ ఏదో చెప్పేస్తోంది. అక్కడ సి ఉన్న కారును ‘కె కోడ్’ అని అమ్మజూపితే మాట్లాడాల్సింది ఏమీ లేదు.

షెవర్లేతో ఇంత సులువు కాదు. 1969 కమారో నంబరు 124379ఎన్612345 అనుకుందాం (చివరి ఆరంకెలు ఊరికే ఉదాహరణకు రాసినవి). 1 అంటే షెవర్లే, 24 అంటే వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) కమారో, 37 అంటే కూపే, 9 అంటే 1969, ఎన్ అంటే నార్‌వుడ్ ప్లాంటు. ఇందులో వీ8 అని తెలుస్తుంది కానీ ఏ వీ8 అన్నది తెలియదు. సాధారణ 307 ఇంజన్‌తో వచ్చిన కమారోను రేసింగ్ తరహా జెడ్28గా మార్చి అమ్మే వ్యాపారం పెరగడానికి ఈ ఖాళీయే కారణం. జనరల్ మోటార్స్ కార్లలో ఛాసిస్ నంబరులోకే ఇంజన్ కోడ్ చేరింది 1972 మోడల్ నుంచి. 1970 నాటి డాడ్జ్, ప్లిమత్ కార్లలో ఐదో అక్షరం ఆర్ అయితే 426 హెమీ అని అర్థం. అదే కారు ఫెండర్ ట్యాగ్ (ఇంజన్ గదిలో బిగించిన చిన్న రేకు) మీద ఇ74 అని కూడా ఉండాలి.

తర్వాత కాగితాలు. కారుతో పాటు పుట్టిన కాగితానికీ, తర్వాత ఎవరో రాసిన కాగితానికీ చాలా తేడా ఉంది. అసెంబ్లీ లైన్ మీద కార్మికుల కోసం అచ్చువేసిన బిల్డ్ షీట్ కొన్నిసార్లు సీటు స్ప్రింగుల మధ్యో, పెట్రోల్ ట్యాంకు పైనో ఇరుక్కుని దశాబ్దాల పాటు అలాగే ఉండిపోతుంది. 1967 నుంచి కార్వెట్లలో అయితే ట్యాంకు మీద అంటించిన కాగితమే పెద్ద ఆధారం. 1965 నుంచి 1972 వరకు జనరల్ మోటార్స్ ఇచ్చిన ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు బిళ్ల మీద ఇంజన్ కోడ్ కూడా అచ్చయి ఉంటుంది. ఇవేవీ లేకపోయినా కంపెనీ రికార్డుల నుంచి తెప్పించుకునే దారులున్నాయి. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ కార్లకు మార్టీ రిపోర్ట్ దొరుకుతుంది. పాంటియాక్ బిల్లుల నకళ్లు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ దగ్గర ఉంటాయి. జాగ్వార్ హెరిటేజ్ ట్రస్టు, బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్ల మీద సాధారణంగా ఇంజన్ నంబరే రాసి ఉంటుంది. అమెరికన్ రికార్డులు చాలావరకు ‘ఫలానా రకం ఇంజన్’ అని చెప్పి ఆగిపోతాయి. యూరప్ రికార్డులు ‘ఫలానా నంబరు ఇంజన్’ అని చెబుతాయి. ఈ తేడాను బట్టి మన పరిశీలన దారి కూడా మారుతుంది.

కాగితం చేతికి రాకుండా కారు చూడటానికి వెళ్లొద్దనే నా సలహా. కారును కళ్లారా చూశాక మనసు దాని పక్షాన వాదించడం మొదలుపెడుతుంది.

2. నంబరు ఉన్న చోటు పట్టుకోవడం, దాన్ని పాడుచేయకుండా శుభ్రం చేయడం

ఒక్కో ఇంజన్‌కు ఒక్కో చోట నంబరు ఉంటుంది. వెళ్లేముందే ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసుకోండి. ఇక్కడొక తికమక ఉంది. అమెరికన్ పుస్తకాల్లో ‘ప్యాసింజర్ వైపు’ అంటే కారు కుడివైపు. స్టీరింగ్ కుడివైపు ఉండే కార్లకు అలవాటుపడ్డవాళ్లు ఆ మాట చదివి ఎడమవైపు వెతుకుతూ ఉండిపోతారు. కుడి ఎడమలు ఎప్పుడూ డ్రైవర్ సీట్లో కూర్చుని ముందుకు చూస్తున్నట్టు ఊహించుకుని లెక్కపెట్టాలి.

షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8లో పంచ్ నంబరు (సుత్తితో లోహంలోకి కొట్టినది) బ్లాక్ ముందుభాగంలో, కుడివైపు సిలిండర్ హెడ్‌కు కాస్త ముందు ఉన్న చిన్న చదునైన పలక మీద ఉంటుంది. దానికి ఆల్టర్నేటరో, దాని బ్రాకెట్టో అడ్డు వస్తుంది. పోత నంబరు బ్లాక్ వెనక, గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ బిగించే అంచు దగ్గర ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అక్కడికి కన్ను చేరదు కాబట్టి పిడి ఉన్న చిన్న అద్దం, సన్నని టార్చి కావాలి. తీగ చివర కెమెరా ఉండే బోర్‌స్కోప్‌ను ఫోనుకు తగిలించుకుంటే పని ఇంకా సులువు.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే చేయి పెట్టండి. బ్యాటరీ తీగ తీసేయండి. కారు కిందికి దూరాల్సి వస్తే ఒక్క జాకీని నమ్ముకోకుండా స్టాండ్లు పెట్టించండి. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డిని ప్లాస్టిక్ గీకుడుతో తీసి, కిరోసిన్‌లోనో బ్రేక్ క్లీనర్‌లోనో ముంచిన గుడ్డతో తుడవండి. మొండి జిడ్డుకు నైలాన్ బ్రష్ చాలు. ఎమరీ పేపరు, గ్రైండర్‌కు తగిలించే వైర్ బ్రష్ జోలికి మాత్రం అస్సలు వెళ్లకూడదు. నంబరు కంటే విలువైన సాక్ష్యం ఆ పలక ఉపరితలం మీదే ఉంటుంది (ఎందుకో ఐదో అంచెలో చెబుతాను). వైర్ బ్రష్ దాన్ని నిమిషంలో తుడిచేస్తుంది. అమ్మేవాళ్లే ముందుగా ఆ పలకను తళతళలాడేలా రుద్ది ఉంచితే, అది మంచి మనసుతో చేసిందైనా సరే, మీకు మాత్రం నష్టమే.

తుడిచాక టార్చిని నంబరుకు ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు ఉపరితలానికి ఆనించినట్టు పట్టుకోండి. లోతు తక్కువున్న అక్షరాలు కూడా నీడల వల్ల లేచి కనిపిస్తాయి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. పలక అంచులు కూడా ఫొటోలో పడాలి.

3. పోత నంబరు, పోత తేదీ

ఉబ్బెత్తుగా కనిపించేది పోత నంబరు. అంటే అచ్చులోనే ఉన్నది, బ్లాక్‌తో పాటే పుట్టింది. దీన్ని మార్చడం కష్టం కాబట్టి అబద్ధం చెప్పే అవకాశం తక్కువ. కానీ ఇది చెప్పేది కూడా తక్కువే. షెవర్లే 3970010 అనే పోత నంబరు 1969 నుంచి 1970ల చివరిదాకా 350 ఇంజన్లలో, కార్లకూ ట్రక్కులకూ కూడా వాడారు. ‘ఇదిగో చూడండి, సరైన కాస్టింగ్’ అని ఎవరైనా చూపిస్తే, ఆ బ్లాక్ ఏ ట్రక్కులోంచి వచ్చిందో ఇంకా తేలలేదనే అర్థం.

ఫోర్డ్ పోత నంబర్లలో కాలం దాగి ఉంటుంది. సి5ఎఇ అని మొదలైతే సి అంటే 1960ల దశకం, 5 అంటే 1965, ఎ అంటే ఆ భాగాన్ని పెద్ద ఫోర్డ్ కార్ల కోసం గీశారని, ఇ అంటే ఇంజన్ విభాగం. డి0 అంటే 1970. ఇది ఆ భాగాన్ని డిజైన్ చేసిన ఏడాది. తయారైన ఏడాది దానికంటే తర్వాతిది కావచ్చు.

అసలు ఉపయోగం పోత తేదీతో. షెవర్లే బ్లాక్ మీద ‘సి 12 9’ అని ఉంటే, సి అంటే మార్చి, 12వ తేదీ, 9తో ముగిసే ఏడాది. ఎ జనవరి, ఎల్ డిసెంబర్. ఫోర్డ్ వరస వేరు, ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత తేదీ: ‘5సి12’. ఇంకో తేడా, షెవర్లే సెప్టెంబరుకు ఐ అక్షరం వాడింది. ఫోర్డ్ ఐ అక్షరాన్ని వదిలేసి సెప్టెంబరుకు జె వాడింది. ఈ ఒక్క సంగతి తెలియక సరిగ్గా ఉన్న ఇంజన్‌ను ‘తేదీ కలవడం లేదు’ అని తోసిపుచ్చేవాళ్లూ ఉన్నారు. ఏడాదిలో చివరి అంకె మాత్రమే ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోండి. ఆ 9, 1969 కావచ్చు, 1979 కావచ్చు. ఏది నిజమో పోత నంబరుతో కలిపి చూసుకోవాలి. ఒకవేళ 3970010 లాంటి నంబరే ఎదురైతే, అది రెండు దశకాల్లోనూ వాడినదే కాబట్టి ఆ ప్రశ్న అక్కడితో తీరదు.

4. తేదీల వరస

ఇప్పుడు మూడు తేదీలను పక్కపక్కన రాసుకోండి. బ్లాక్ పోతపోసిన తేదీ, ఇంజన్ బిగించిన తేదీ, కారు తయారైన తేదీ.

పై కమారో ఉదాహరణే తీసుకుంటే, పోత తేదీ సి 12 9, అంటే 1969 మార్చి 12. పలక మీద పంచ్ కోడ్ ‘వి0325డిజెడ్’. వి అంటే ఫ్లింట్ ఇంజన్ ప్లాంటు, 0325 అంటే మార్చి 25, డిజెడ్ అంటే 1969 జెడ్28లో వచ్చిన 302 ఇంజన్. కారు ఫైర్‌వాల్ (ఇంజన్ గదికీ మనం కూర్చునే చోటుకూ మధ్య గోడ) మీది బిళ్లపై 04ఎ అని ఉంది, అంటే ఏప్రిల్ మొదటి వారం. పోత, బిగింపు, కారు: మూడూ ముందువెనకలు సరిగ్గా, మధ్య దూరాలు నమ్మదగ్గట్టుగా ఉన్నాయి.

బిగించిన తేదీ కంటే పోత తేదీ తర్వాతిదైతే ఆ పంచ్ నంబరు అబద్ధం. ఇక్కడ మినహాయింపు లేదు. ఇంకా పోతపోయని బ్లాక్‌ను ఎవరూ బిగించలేరు. కారు తయారైన వారం కంటే ఇంజన్ తేదీ తర్వాతిదైనా అంతే. ఇక దూరం సంగతి. మామూలు ఇంజన్లకు పోతకూ కారుకూ మధ్య కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు సహజం. నెలలకు నెలలు తేడా ఉంటే అనుమానించాలి కానీ, అక్కడికక్కడే దొంగదని తేల్చేయకూడదు. తక్కువ సంఖ్యలో తయారయ్యే రేసింగ్ తరహా ఇంజన్ల బ్లాకులు ఫ్యాక్టరీలో ఎక్కువకాలం నిలవ ఉండటం, సమ్మెల వల్ల లైను ఆగిపోవడం నిజంగా జరిగేవే.

5. పంచ్ నంబరు: చదవడం తేలిక, నమ్మడం కష్టం

1968 మోడల్ నుంచి అమెరికన్ కంపెనీల కార్లలో ఛాసిస్ నంబరులో కొంత భాగాన్ని ఇంజన్ బ్లాక్ మీద పంచ్ చేయడం మామూలైంది. మన ఉదాహరణలో అది 19ఎన్612345 అవుతుంది: షెవర్లే, 1969, నార్‌వుడ్, వరస నంబరు. గేర్‌బాక్స్ మీద కూడా ఇదే ఉండాలి. 1969 కమారోల్లో ఇది కొన్నింటికి ముందు పలక మీద, కొన్నింటికి వెనక ఆయిల్ ఫిల్టర్ దగ్గర ఉంటుంది. ముందు పలక మీద కనిపించలేదని కంగారుపడి వెనక్కి తిరిగి రాకండి.

ఇంజన్ కోడ్‌ను ఇంజన్ ప్లాంటులో కొట్టారు. ఛాసిస్ నంబరును కారు ప్లాంటులో కొట్టారు. వేరే ఊళ్లు, వేరే పంచ్‌లు, వేరే మనుషులు. కాబట్టి ఈ రెండు వరసలూ ఒకే అక్షరాల తీరులో, ఒకే లోతులో, ఒకే వాటంలో ఉంటే మెచ్చుకోకుండా అనుమానించండి. ఒకే మనిషి ఒకే పూట కూర్చుని కొట్టినప్పుడే అలా కుదురుతుంది.

ఇక ఆ పలక ఉపరితలం. హెడ్ కూర్చునే తలాన్ని ఫ్యాక్టరీలో బ్రోచింగ్ అనే పద్ధతిలో చెక్కి చదును చేసేవారు. ఆ పళ్ల మిషను వెళ్లిన దారంతా ముందు నుంచి వెనక్కి, ఒకదానికొకటి సమాంతరంగా సన్నటి గీతలు మిగులుతాయి. పలక కూడా అదే తలంలో భాగం కాబట్టి ఆ గీతలు పలక మీదా ఉంటాయి. గీతల మీద అక్షరాలు పడి ఉండాలి. ఎవరైనా పాత నంబరును అరగదీస్తే ఈ గీతలు పోతాయి. వాటి బదులు గుండ్రంగా తిరిగిన గ్రైండర్ చారలో, ఎమరీ రుద్దుడు గీతలో, అద్దంలాంటి నునుపో కనిపిస్తుంది. వీటిని తిరిగి పుట్టించే నేర్పరులు కూడా ఉన్నారు. వాళ్ల గీతల్లో కొన్ని అక్షరాల గుంటల్లోకి కూడా దిగి ఉంటాయి, లేదా ఎమరీతో లాగినట్టు మరీ దగ్గరగా, మరీ సమంగా ఉంటాయి. భూతద్దం పట్టుకుని చూడాల్సింది ఇక్కడే.

మరికొన్ని గుర్తులు. పలక అంచులు పదునుగా కాక గుండ్రంగా అరిగి ఉండటం. పలక మధ్యలో స్కేలు నిలబెట్టి చూస్తే పల్లం కనిపించడం. పాత అక్షరాల నీడలు కొత్త అక్షరాల కింద లీలగా మిగిలి ఉండటం. చుట్టూ దశాబ్దాల తుప్పు, జిడ్డు ఉండి ఆ ఒక్క పలక మాత్రం కొత్తగా మెరవడం. అక్షరాల ఆకారం ఆ ప్లాంటు వాడిన పంచ్‌లతో కలవకపోవడం. చివరిది తేల్చాలంటే అదే ప్లాంటులో, అదే నెలలో తయారైన నమ్మకమైన కార్ల ఫొటోలు పక్కన పెట్టుకుని పోల్చాలి. 3, 6, 9 అంకెల వంపుల్లో తేడా తొందరగా పట్టుబడుతుంది.

అక్షరాలు వంకరగా ఉన్నాయనో, ఒకటి లోతుగా ఒకటి పైపైన పడిందనో, ఒకచోట రెండుసార్లు కొట్టినట్టుందనో మాత్రం భయపడకండి. లైను మీద రోజంతా సుత్తితో కొట్టిన పని అలాగే ఉంటుంది.

గీతలూ లేవు, నంబరూ లేదు, పలక బోడిగా ఉంది అనుకోండి. మోసం అని వెంటనే అనలేం. ఇంజన్ బోరుకు వచ్చినప్పుడు వర్క్‌షాపులో హెడ్ తలాన్ని మిషను మీద చదును చేయడం మామూలు పనే. అందులో నంబరు కూడా కొట్టుకుపోతుంది. అలాంటి ఇంజన్ నిజంగా ఆ కారుదే కావచ్చు, కానీ రుజువు మాత్రం పోయినట్టే. రుజువు లేనిదానికి రుజువు ఉన్నదాని ధర ఇవ్వక్కర్లేదు. చదును చేసిన తలం మీద ఛాసిస్ నంబరు మాత్రం స్పష్టంగా ఉంటే, అది తర్వాత కొట్టిందే.

పెద్ద మొత్తం పెట్టే కారు అయితే అనుభవమున్న పరిశీలకుణ్ణి పిలిపించండి. పంచ్ దెబ్బకు అక్షరం కిందున్న లోహం కూడా నొక్కుకుపోతుంది. అందుకే అరగదీసిన నంబర్లను కూడా ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఆమ్లంతోనో, అయస్కాంత పరీక్షతోనో కొన్నిసార్లు బయటికి తీయగలుగుతారు.

6. ఛాసిస్ నంబరు లేని ఇంజన్లు

యూరప్ కార్లలో చాలావాటికి ఇంజన్ నంబరు వేరు, ఛాసిస్ నంబరు వేరు. రెంటి మధ్య పోలిక వెతకడం వృథా. రెంటినీ కలిపేది కంపెనీ రికార్డు ఒక్కటే.

పాత పోర్షే 911లో నంబరు క్రాంక్‌కేస్ మీద, కూలింగ్ ఫ్యాన్‌ను మోసే నిలువు భాగంలో ఫ్యాన్‌కు కుడిపక్కన ఉంటుంది. దాన్ని పోర్షే కార్డెక్స్ అనే ఫ్యాక్టరీ కార్డుతో సరిచూడాలి. మెర్సిడెస్‌కు డేటా కార్డ్ ఉంటుంది. పైగా మెర్సిడెస్ ఇంజన్ నంబరులో మొదటి ఆరంకెలే రకం చెబుతాయి: 230 ఎస్ఎల్‌కు 127.981, 250 ఎస్ఎల్‌కు 129.982, 280 ఎస్ఎల్‌కు 130.983. ఛాసిస్ నంబర్లు 113.042, 113.043, 113.044 అని అదే క్రమంలో నడుస్తాయి. 113.042 ఛాసిస్ మీద 130.983 ఇంజన్ కనిపిస్తే డేటా కార్డ్ దాకా వెళ్లాల్సిన పనే లేదు. ఇది తరచుగా జరిగే మార్పే. 280 ఇంజన్‌కు బలం ఎక్కువ కాబట్టి అప్పట్లో దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు.

జాగ్వార్ ఎక్స్‌కె ఇంజన్‌కు నంబరు రెండు చోట్ల ఉంటుంది: బ్లాక్ మీద ఆయిల్ ఫిల్టర్ పైభాగాన ఒకటి, సిలిండర్ హెడ్ ముందు భాగంలో ఒకటి. రెండూ కలవాలి, రెండూ సర్టిఫికెట్‌తో కలవాలి. ఇ-టైప్ 3.8 ఇంజన్ నంబరు ఆర్ అక్షరంతో మొదలై -8 లేదా -9తో ముగుస్తుంది. ఆ చివరి అంకె కంప్రెషన్ నిష్పత్తి. హెడ్ వేరే కారుదని తేలడం మామూలే. వేడికి వంకరపోయేది ముందు అదే కాబట్టి మార్చి ఉంటారు. దాన్ని బ్లాక్ మార్చినంత పెద్ద లోటుగా చూడనక్కర్లేదు.

బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీలో నంబరు బ్లాక్ మీద కొట్టింది కాదు. దానికి రివెట్లతో బిగించిన చిన్న రేకు మీద ఉంటుంది. రేకును ఒక బ్లాక్ నుంచి ఊడదీసి ఇంకో బ్లాక్‌కు బిగించడం పెద్ద పని కాదు. అందుకే ఆ కారులో రేకు కంటే రేకు కింద ఏముందో చూడాలి. 18జి, 18జిఎ ఇంజన్లకు క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు మూడు. 1964 చివర్లో వచ్చిన 18జిబి నుంచి ఐదు. 18జి రేకు పెట్టుకున్న బ్లాక్‌లో ఐదు బేరింగులు ఉంటే కథ తెలిసిపోయినట్టే.

1968కి ముందరి ఫోర్డ్‌లలో కూడా మామూలు ఇంజన్ల మీద ఛాసిస్ నంబరు ఉండదు. ఉండేది 289 హై పెర్ఫార్మెన్స్ మీదే. మిగతావాటికి పోత తేదీలు సరిపోయాయా అన్నంతవరకే తేల్చగలం. ఎవరైనా 1966 నాటి మామూలు 289ను చూపి ‘నంబర్లు కలిశాయి’ అంటే, ఏ నంబరు దేనితో కలిసిందో చెప్పమనండి.

7. చుట్టుపక్కల సాక్షులు

ఇంజన్ ఒక్కటే మాట్లాడదు. కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్, ఇన్‌టేక్ మానిఫోల్డ్, హెడ్‌లు, వీటన్నిటి మీదా పార్టు నంబర్లు, చాలావాటి మీద తేదీలు ఉంటాయి. అన్నీ అసలువే ఉండాలని ఆశించకూడదు, యాభై ఏళ్లలో ఆల్టర్నేటర్ మారకపోతేనే వింత. కానీ పంచ్ నంబరు అద్భుతంగా కలిసి, చుట్టూ ఉన్న ఒక్క భాగం కూడా ఆ కాలానిది కాకపోతే మళ్లీ ఐదో అంచెకు వెళ్లండి.

రంగు చిన్న ఆధారమే, అయినా చూడండి. షెవర్లే నారింజ, 1966 నుంచి ఫోర్డ్ నీలం. ఇంజన్ వెనక, మౌంట్ల సందుల్లో పాత రంగు పొరలు మిగిలి ఉంటాయి. నారింజ కింద వేరే కంపెనీ రంగు బయటపడిందంటే ఆ ఇంజన్ ఎక్కడినుంచో ప్రయాణం చేసి వచ్చిందన్నమాట. ఆరు సిలిండర్ల కారులోకి వీ8 దించి ఉంటే మౌంట్లు, రేడియేటర్, స్ప్రింగులు, వెనక యాక్సిల్ కోడ్, ఎగ్జాస్ట్ గొట్టం వెళ్లే దారి, ఇన్నిటినీ మార్చాలి. అన్నీ మార్చినవాళ్లు అరుదు.

8. ఇంజన్ సరే, కారు సంగతో?

ఇది చాలామంది వదిలేసే అంచె. ఇంజన్ నంబరు ఛాసిస్ ప్లేటుతో కలిసింది. మరి ఆ ప్లేటు ఆ బాడీదేనా? అసలు కారు తుప్పుపట్టి పోయాక దాని ప్లేటునూ ఇంజన్‌నూ తెచ్చి వేరే బాడీకి బిగించిన కార్లు తిరుగుతూనే ఉన్నాయి. ప్లేటు రివెట్లు చూడండి. 1960ల చివర్లో జనరల్ మోటార్స్ పువ్వు ఆకారపు తలలున్న రివెట్లు వాడింది, మామూలు పాప్ రివెట్లు ఉంటే ఎవరో ఊడదీసినట్టే. 1968 నుంచి కమారో బాడీ మీద దాచిన చోట్ల కూడా నంబరు కొట్టారు: ఫైర్‌వాల్ మీద హీటర్ పెట్టె వెనక ఒకటి, ముందు అద్దం కింద గాలి పలక అడుగున ఒకటి. అవి చూడాలంటే విప్పాలి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు, అడగడం మీ హక్కు. ఛాసిస్ నంబరును తుడిచేయడం, మార్చడం చాలా దేశాల్లో నేరం. అలాంటి జాడ కనిపిస్తే ధర తగ్గించమని బేరమాడకుండా వెనక్కి వచ్చేయండి.

9. అసలుది కాదని తేలితే

పాత కారులో ఇంజన్ మారడం వెనక తొంభై పాళ్లు దురుద్దేశం ఉండదు. అప్పట్లో అది పాత కారే తప్ప క్లాసిక్ కాదు. ఇంజన్ పట్టేస్తే ఇంకోటి దించేవారు. బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) లాంటి కంపెనీలు గోల్డ్ సీల్ పేరుతో పాత ఇంజన్ తీసుకుని రీకండిషన్ చేసింది ఇచ్చేవి. షెవర్లే వారంటీ బ్లాకుల మీద సిఇ అని కొట్టి ఉంటుంది. అలాంటి బ్లాక్ ఉన్న కారును, ముఖ్యంగా అప్పటి డీలర్ బిల్లు తోడుంటే, నేను దొంగ పంచ్ ఉన్న ‘మ్యాచింగ్’ కారు కంటే పైన పెడతాను. నడుపుకోవడానికి కొనేవాళ్లకు సరైన రకం ఇంజన్, నిజాయితీగా రాసిన ప్రకటన ఉంటే చాలు, డబ్బూ ఆదా అవుతుంది.

కొనాలని నిర్ణయించుకుంటే ఒప్పందంలో ‘మ్యాచింగ్ నంబర్స్’ అన్న మాటను రాయనివ్వకండి. దాని బదులు చూసిన విషయాలు రాయించండి: పోత నంబరు ఇది, పోత తేదీ ఇది, పంచ్ కోడ్ ఇది, బ్లాక్ మీది ఛాసిస్ నంబరు ఇది, అమ్మేవారికి తెలిసినంతలో ఈ ఇంజన్ అసలుదే లేదా కాదు. సంతకంతో పాటు మీరు తీసిన ఫొటోలను జతచేయండి.

కారు ఇంటికొచ్చాక ఎప్పుడో ఒకరోజు ఇంజన్ దించి వర్క్‌షాపుకు పంపాల్సి వస్తుంది. అప్పుడు హెడ్ తలాన్ని చదును చేయడం తప్పదని మెకానిక్ అంటే, నంబరు పలకను వదిలేసి మిగతా తలం మాత్రమే చెక్కడం వీలవుతుందేమో ముందే అడగండి. చాలా మిషన్ల మీద అది కుదిరే పనే. పని ఒప్పుకున్నప్పుడు ఆ మాట జాబ్ కార్డులో రాయించి, పలక చుట్టూ పెయింట్ మార్కర్‌తో గీసి ‘ఇక్కడ ముట్టుకోవద్దు’ అని బ్లాక్ మీదే రాసి పంపండి.